బాధకు నేను రాసిన కీ

ఏ వాక్యం ఏడుస్తోందో, ఏ వాక్యం నవ్వుతోందో చెప్పినందుకు ఒకప్పుడు నాకు జీతమిచ్చారు. ఈ మాట ఎవరికైనా చెబితే నవ్వేస్తారు. తెలంగాణ ఉద్యమం రోడ్ల మీద ఉన్న రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో కూర్చుని నేను చేసిన ఉద్యోగం అదే. జనం సోషల్ మీడియాలో రాసుకున్న మాటలు మూటలు మూటలుగా మా దగ్గరికి వచ్చేవి. మేం వాటిని శుభ్రం చేసి, ఒక్కొక్కదాని పక్కన అది సంతోషమో బాధో రాసి పంపితే, ఎక్కడో ఒక కంపెనీవాళ్ళు అవి చూపించి కంప్యూటర్‌కు పాఠం చెప్పేవారు. పాఠం ఒంటబట్టాక ఇక మనుషులతో పని లేదు, లక్షల పోస్టులు అదే చదివి జనం మనసులో ఏముందో చెప్పేస్తుంది. మా సార్ మాకు చెప్పింది ఇంతే. ఆ కబురు ఎవరికి కావాలో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

సార్ అంతకుముందు కింది అంతస్తులోనే ఫిజిక్స్ చెప్పేవారు. ఇరవై ఏళ్ళపాటు ఎంట్రన్స్ పిల్లల చేత బిట్లు చేయించిన మనిషి. కోచింగ్ మానేసి ఈ కాంట్రాక్టు తెచ్చుకున్నారు గానీ, ఆయనలోంచి కోచింగ్ పోలేదు. మొదటి రోజే బోర్డు మీద నాలుగు మాటలు రాశారు: సంతోషం, బాధ, కోపం, మామూలు. "నాలుగే ఆప్షన్లు. చదవండి, పెట్టండి, ముందుకెళ్ళండి. ఎక్కువ ఆలోచిస్తే తప్పు పెట్టేస్తారు," అన్నారు. కీలో ఉన్న సరైన జవాబుతో కలిస్తే ఒక మార్కు. కలవకపోతే పావు మార్కు కోత. శుక్రవారం సాయంత్రం మార్కుల లిస్టు గోడకు అంటించేవారు, దాని మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒక గీత గీసి. వరసగా కాకపోయినా మూడు వారాలు ఆ గీత కింద పేరు కనబడితే ఇంటికి వెళ్ళిపోవాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో పెరిగిన మాకెవరికీ ఇందులో వింత కనిపించలేదు. కీ లేని ప్రశ్న ఒకటుంటుందని మాకెవరు చెప్పారు గనక.

పొద్దున్నంతా శుభ్రం చేసే పని. జనం అప్పట్లో తెలుగును ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టేవారు, దాన్ని తెలుగు లిపిలోకి మార్చాలి. ఫోటోలు తీసేయాలి. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు తీసేయాలి. చుక్కలతో బ్రాకెట్లతో చేసిన నవ్వు మొహాలూ ఏడుపు మొహాలూ తీసేయాలి. జై అని మొదలయ్యే నినాదాలు అటువైపువైనా ఇటువైపువైనా ఉంచకూడదు, ఉంచితే కంప్యూటర్ నినాదం ఒక్కటే చూసి బద్ధకంగా జవాబు చెప్పేస్తుందట. అన్నీ పోగా మిగిలినదాంట్లో పాతిక మాటల్లో పూర్తయ్యే వాక్యాలు ఉంచి తోక కత్తిరించాలి. ఇంత చేశాక ఆ పోస్టు ఈకలు పీకిన కోడిలా ఉండేది, పుంజో పెట్టో కూడా తెలిసేది కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరి వాటాలూ కలిపి, ఆ పీకిన కోళ్ళన్నిటికీ అందరం విడివిడిగా జవాబులు పెట్టేవాళ్ళం.

అందులో నా జవాబులే కీ. ఇది గొప్పకు చెప్పడం లేదు, నిజంగా అలాగే జరిగింది. మొదటి వారం సార్ నన్ను గదిలోకి పిలిచి, "నీ తెలుగు నీట్‌గా ఉంటుందమ్మా, కీ నువ్వే ఇవ్వు," అన్నారు. ఆయనదీ మాదీ ఒకే జిల్లా, కృష్ణా. అది కూడా ఒక కారణం అయ్యుంటుందని ఇప్పుడు అనుకుంటాను, అప్పుడు మాత్రం నా తెలివికి దక్కిన గౌరవం అనే అనుకున్నాను. చిన్నప్పటినుంచీ నేను ర్యాంకుల పిల్లని. పేపర్ ఇచ్చినవాడు ఏ జవాబు కోరుకుంటున్నాడో పసిగట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఇప్పుడు పేపర్ ఇచ్చేదాన్నీ నేనే అయ్యాను, పొగరు నెత్తికెక్కకుండా ఎలా ఉంటుంది.

మా నాన్నకు ఎల్‌బీ నగర్ చౌరస్తాకు దగ్గర్లో పెయింట్ల షాపు ఉండేది. బంద్ అంటే షట్టర్ దించడం, మళ్ళీ ఎత్తడం, ఎత్తాక అటూ ఇటూ చూసి సగం దించడం. నేను ఆఫీసునుంచి రాగానే కాళ్ళయినా కడుక్కోనివ్వకుండా ఒకటే ప్రశ్న వేసేవాడు.

"ఏమ్మా, జనం ఏం రాస్తున్నారు? మనల్ని పొమ్మంటున్నారా?"

"అలాంటిదేం లేదు నాన్నా. అందరూ మామూలుగానే ఉన్నారు," అనేదాన్ని.

ఆయన మొహం కాస్త తేలికపడేది. నిజం చెప్పాలంటే, పోస్టుల్లో మమ్మల్ని పొమ్మన్నవాళ్ళూ ఉన్నారు, ఉండమన్నవాళ్ళూ ఉన్నారు. పొమ్మన్నది చదివిన రోజు నాకు అన్నం సహించేది కాదు. అందుకే, ఒక పోస్టు అటో ఇటో తేలకుండా ఉంటే నా చెయ్యి తనంతట తనే సంతోషం వైపు వెళ్ళేది. సంతోషం పెట్టిన ప్రతిసారీ నాకు ఊపిరాడేది. జనం కోపంగా లేరు, ఆటలాడుకుంటున్నారు, పాటలు పాడుకుంటున్నారు, మా షాపు మా ఇల్లు ఎక్కడికీ పోవు. నా కీ వెనక ఉన్న తెలివి ఇంతే, కానీ ఆ మాట నాకే ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నా పక్క కంప్యూటర్ ముందు ఒక అక్క కూర్చునేది. నల్లగొండ వైపు పల్లెనుంచి పెళ్ళై వచ్చి మీర్‌పేట్‌లో రెండు గదుల్లో కిరాయికి ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. ఊళ్ళో ఉండగానే డిగ్రీ చేసి, ఇక్కడ డీటీపీ షాపులో పెళ్ళికార్డులు కొట్టీ కొట్టీ తెలుగు టైపింగ్‌లో అందరికన్నా ముందుండేది. శుభ్రం చేసే పనిలో ఆమె వేగానికి మేమెవరం ఆగేవాళ్ళం కాదు. మధ్యాహ్నం జవాబుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకూ ఆమెకూ పొంతన కుదిరేది కాదు.

మొదట తేడా వచ్చింది వంటావార్పు దగ్గర. అంటే, ఉద్యమంలో వాళ్ళు రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని బళ్ళు ఆపేయడం. దాని గురించి ఎవరో రాశారు: "ఇయ్యాల రోడ్డు మీదనే వండినం, రోడ్డు మీదనే తిన్నం. పిల్లజెల్ల అందరం ఒచ్చినం. సాంబారు మస్తుగుండె." నేను సంతోషం పెట్టాను. అక్క కోపం పెట్టింది. శుక్రవారం లిస్టులో అక్క పేరు గీత కిందికి పోయింది. నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"గిది సంతోషమెట్లయితది చెల్లె? ఇంట్ల పొయ్యి లేకనా రోడ్డు మీద వండుకున్నది? గది కొట్లాట."

"సాంబారు బాగుందని రాశారు కదక్కా."

"బాగుంటే బాగుందనే రాస్తరు. కొట్లాటకు పోయినోళ్ళు సప్పిడి తినాల్నా ఏంది?"

నవ్వొచ్చింది నాకు. ఆమె కూడా నవ్వింది. నవ్వులో అది కొట్టుకుపోయింది గానీ, తర్వాతి వారం బతుకమ్మ వచ్చింది. హైవే మీద బతుకమ్మలు పెట్టి ఆడారని, రాత్రి ఆటపాటలతో ధూంధాం చేశారని, డప్పు కొట్టారని వందల పోస్టులు వచ్చాయి. ఆట, పాట, డప్పు, పూలు. అన్నిటికీ సంతోషం పెట్టుకుంటూ పోయాను. అక్క కొన్నిటికి కోపం, కొన్నిటికి బాధ పెట్టింది. మళ్ళీ గీత కిందికి పోయింది. ఈసారి ఆమె నవ్వలేదు.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. అప్పటికి డిపోలన్నీ సమ్మెలో ఉన్నాయి, ఆయన జెండా పట్టుకుని చౌరస్తాలో కూర్చుంటున్నాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఇల్లు నడిచేది ఆమె ఒక్కదాని జీతం మీద. మెట్ల దగ్గర నన్ను ఆపి అడిగింది.

"ఇంకొక్కసారి గీత కిందికి పోతే నా కొలువు పోతది చెల్లె. ఆయన సమ్మెల కూసుండె. గీ టైంల ఎట్లనే? నేను పెట్టింది తప్పా? నువ్వే చెప్పు."

"తప్పు కాదక్కా. సార్‌కి నేను చెప్తాను. కీలో కొన్ని మారుస్తాను," అన్నాను.

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. మర్నాడు సార్ గదిలోకి వెళ్ళాను కూడా. నేను నోరు తెరిచేలోపే ఆయన, "రామ్మా, మన రిపోర్టు చూసి క్లయింట్ తెగ మెచ్చుకున్నారు. కీ ఇచ్చిన అమ్మాయి ఎవరని అడిగారు," అన్నారు. కాఫీ తెప్పించారు. కాఫీతో పాటు నేను చెప్పాలనుకున్న మాటనూ మింగేసి బయటికి వచ్చాను. అక్క నావైపు చూసింది. "చెప్పానక్కా, చూద్దాం అన్నారు," అన్నాను. అంత సులువుగా అబద్ధం ఆడగలనని నాకు అప్పటిదాకా తెలియదు. ఇప్పటికీ ఆ కాఫీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

అక్క రెండు రోజులు చూసింది. కీ మారలేదు. మూడో రోజునుంచి ఆమే మారింది. పోస్టు చదివి తనకేమనిపించిందో పక్కన పెట్టేసి, నేనేం పెడతానో ఆలోచించడం మొదలుపెట్టింది. నా పక్కన కూర్చుని పాత జవాబులన్నీ తిరగేసి, నోటుబుక్కులో రాసుకుంది. పూలు ఉంటే సంతోషం. పాట ఉంటే సంతోషం. తిండి మాట వస్తే సంతోషం. ఊరంతా కలిసి వస్తే సంతోషం. నన్నే ఒక సిలబస్‌లా చదివేసింది. పది రోజుల్లో అందరికన్నా పైకి వచ్చింది. సార్ ఆమెను చూపించి, "చూడండర్రా, కష్టపడితే ఎవరికైనా వస్తుంది," అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

ఆ శుక్రవారం టిఫిన్ డబ్బా మూస్తూ అంది, "నువ్వు పెట్టేది నాకు ఎర్కైపోయింది చెల్లె. ఇప్పుడు కండ్లు మూసుకొని గూడ పెడుత." వేళాకోళంగానే అంది. నేను తల వంచుకుని చపాతీ తింటూ ఉన్నాను.

బస్సులు లేవు కాబట్టి నేను సాయంత్రాలు నడిచి ఇంటికి వెళ్ళేదాన్ని. చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్‌బీ నగర్ దాకా. షేర్ ఆటోలు దొరికితే ఎక్కేదాన్ని, లేకపోతే చెప్పులు అరగాల్సిందే. ఒకరోజు ఇంకా ఎండ ఉండగానే చౌరస్తాకు చేరేసరికి, పండగ వెళ్ళిపోయినా రోడ్డు మధ్యలో ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్నారు. ఇన్నాళ్ళూ నేను ఆటోలోంచి దూరంగా చూసి వెళ్ళిపోయినదాన్ని. ఆరోజు దారి లేక గుంపు పక్కనే నిలబడిపోయాను. పాట చెప్పే ఆమె ఉద్యమంలో పోయిన పిల్లల పేర్లు ఒక్కొక్కటే పాటలోకి తెస్తోంది. ఒక్కో పేరుకూ చుట్టూ ఉన్నవాళ్ళు ఉయ్యాలో అంటూ చప్పట్లు చరిచి, వంగి లేస్తున్నారు. ఆమె కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. పాట ఆపడం లేదు. పక్కనున్నవాళ్ళెవరూ ఆమెను ఓదార్చడం లేదు, వాళ్ళ కళ్ళూ అలాగే ఉన్నాయి. చప్పట్లు మాత్రం ఒక్కటీ తప్పలేదు.

నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఒక ముసలమ్మ నా చేతిలో కాగితం ప్లేటు పెట్టి పులిహోర వేసింది. "తిను బిడ్డా, దూరం పోవాల్నా?" అంది. "ఇక్కడేనండీ," అన్నాను. నా మాట విని నేనెక్కడిదాన్నో ఆమెకు తెలిసే ఉంటుంది. ఇంకో గరిటె వేసింది. ఆ ప్లేటు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి నాకు ఏడుపొచ్చింది. ఇన్ని వారాలుగా వీళ్ళ ఏడుపుకు సంతోషం అని మార్కులు వేస్తూ వచ్చాను. పైగా అది ఏడుపని చెప్పినావిడకి మార్కులు కోశాను.

ఇంతవరకూ తెలుసుకున్నదాన్ని, మర్నాడు పొద్దున్నే సార్ గదిలోకి వెళ్ళి చెప్పొచ్చు. కనీసం పక్క కుర్చీలో ఉన్న అక్కతోనైనా అనొచ్చు. రెండూ చేయలేదు. సార్‌కు చెబితే ఇన్నాళ్ళూ ఇచ్చిన కీ అంతా తప్పని ఒప్పుకోవాలి. అక్కకు చెబితే ఆరోజు సార్‌తో మాట్లాడానన్నది అబద్ధమని తెలిసిపోతుంది. అందుకని ఎవరికీ తెలియకుండా మంచిదాన్ని అయిపోదామనుకున్నాను. ఆ సోమవారంనుంచి బతుకమ్మ, డప్పు, వంటావార్పు పోస్టులు వస్తే నిదానంగా చదివి, నిజంగా తోచిందే పెట్టడం మొదలుపెట్టాను. బాధ అయితే బాధ, కోపం అయితే కోపం. రెండు రోజులు మనసు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ రెండు రోజులూ అక్క లేదు. "ఊర్ల పనున్నది," అని ఆదివారమే ఫోన్ చేసి సెలవు అడిగిందట. బుధవారం వచ్చింది. జ్వరం వచ్చి తగ్గిన మనిషిలా ఉంది. ఏమైందని అడిగితే, "ఏం లే, ప్రయాణం," అంది. కూర్చుని తన వాటా పోస్టులు శుభ్రం చేయడం మొదలుపెట్టింది. ఎప్పుడూ అందరికన్నా ముందు ముగించే మనిషి, ఆరోజు ఒక పోస్టు దగ్గర చాలాసేపు ఆగిపోవడం నేను గమనించాను. కంప్యూటర్ మొరాయించిందేమో అనుకున్నాను.

మధ్యాహ్నం జవాబులు పెడుతుండగా నాకు ఒక పోస్టు వచ్చింది. ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మా ఊర్ల గింత మంది ఎన్నడు రాలే. డప్పులు మోగినయ్. ట్రాక్టర్ నిండ బంతిపూలు. తొవ్వ పొడుగూత పటాకులు. ముసలోళ్ళు గూడ నడుసుకుంట ఒచ్చిండ్రు. అందరం ఆడుకుంట తీస్కపోయినం." రెండు వారాల ముందైతే ఒక్క క్షణం కూడా ఆగకుండా సంతోషం కొట్టేసేదాన్ని. ఆగాను. పెళ్ళి అన్న మాట ఎక్కడా లేదు. ఎవరిని తీసుకుపోయారో లేదు. బాధ పెట్టాను. సరిగ్గా పట్టుకున్నానని నాలో నేనే మురిసిపోయాను కూడా.

శుక్రవారం లిస్టు పడింది. అందరి మార్కులూ ఎంతో కొంత తగ్గాయి. మిగతావాళ్ళెవరూ అంతకుముందు గీత కిందికి పోయినవాళ్ళు కాదు, ఒక వారం అటూ ఇటూ అయినా నష్టం లేదు. అందరికన్నా ఎక్కువ పడిపోయింది అక్క. మా అందరిలో నా పాత జవాబుల్ని అంత శ్రద్ధగా నేర్చుకున్నది ఆమె ఒక్కతే. లిస్టులో అట్టడుగున ఉంది. మూడోసారి. సార్ ఆమెను పిలిచి, "ఏంటమ్మా, బాగా పుంజుకున్నావనుకుంటే మళ్ళీ మొదటికొచ్చావు. రూలు రూలే. సోమవారంనుంచి రానక్కర్లేదు," అన్నారు. గొంతు పెంచలేదు. పరీక్ష తప్పిన పిల్లలతో ఎలా మాట్లాడేవారో అలాగే మాట్లాడారు.

 అక్క టిఫిన్ డబ్బా, నోటుబుక్కు సంచిలో పెట్టుకుని కిందికి దిగుతుంటే వెనకే పరిగెత్తాను. రెండో అంతస్తు మెట్ల మలుపులో అందుకున్నాను. కింద కోచింగ్ క్లాసులో ఎవరో లెక్క గట్టిగా చెబుతున్నారు.

"అక్కా, నువ్వు తప్పు పెట్టలేదు. నేనే మార్చాను. సోమవారంనుంచి కీ మార్చాను. నీకు చెప్పలేదు."

ఆమెకు అర్థం కాలేదు. "మార్చినవా? ఏం మార్చినవ్?"

"బతుకమ్మవి, డప్పువి. నువ్వు మొదట్లో చెప్పినట్టే. బాధ అని."

"నాకు చెప్పకపోతివి గద చెల్లె," అంది. కోప్పడలేదు. తిట్టినా బాగుండేది. గోడకానుకుని నిలబడి అడిగింది. "ట్రాక్టర్, బంతిపూలు, గా పోస్టుకు ఏం పెట్టినవ్?"

"బాధ."

ఆమె తల ఊపింది. ఊపుతూనే ఉంది.

"గది మా అక్క కొడుకుది," అంది. "పోయిన ఆదివారం. తెలంగాణ ఒస్తదా రాదా అని మనసుల రంది పెట్టుకొని, రందితోనే పోయిండు. ఇరవై ఏండ్లు. ఊరంత డప్పులు కొట్టి సాగదోలిండ్రు. వాని దోస్తు రాసిండు గది. బుధారం పొద్దున నా వాటాకే ఒచ్చింది. వాని పేరు నేనే తీసిన. ఊరి పేరు నేనే తీసిన. తోక గూడ నేనే కత్తిరించిన."

"తోకలో ఏముందక్కా?"

"నీ పెండ్లికి కొట్టిద్దామనుకున్న డప్పులురా తమ్మీ ఇవి, అని ఉండె. ఇరవై ఐదు మాటలు దాటింది గద. తీసేసిన."



"పగటీలి జవాబు పెట్టేటప్పుడు మల్ల నా ముంగటికే ఒచ్చింది," అంది. "చెయ్యాడలే. అయితే నా ఇద్దరు పిల్లలు యాదికొచ్చిండ్రు. నువ్వు సంతోషం పెడుతవని నాకు ఎర్క. సంతోషమే పెట్టిన."

కొంగుతో మొహం తుడుచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆగమని అడిగే మొహం నాకు లేదు. కిందినుంచి పిల్లల గుంపు ఒకటి పుస్తకాలతో పైకి వస్తుంటే, వాళ్ళకు దారి ఇవ్వడానికి ఆమె పక్కకు ఒదగడం కనిపించింది, తర్వాత మనిషి కనిపించలేదు.

అప్పుడు వెళ్ళాను సార్ గదిలోకి. ఎన్ని వారాలు ఆలస్యంగానో. కీ తప్పని, మొదటినుంచీ తప్పేనని, ఆవిడే సరిగ్గా చెప్పిందని, నేను చెప్పకుండా మార్చడం వల్లే ఈ వారం ఆవిడ మార్కులు పోయాయని, అన్నీ ఏకబిగిన చెప్పేశాను. ఆ పిల్లవాడి సంగతీ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. పాపం అన్నారు. నిజంగానే బాధపడ్డారు, ఆ మాట దాచను. తర్వాత కళ్ళజోడు పెట్టుకున్నారు.

"కానీ కీ ఒకసారి బయటికెళ్ళాక మారదమ్మా. ఇన్ని వారాలు పంపిన రిపోర్టులన్నీ తప్పని చెప్పమంటావా? నువ్వు అసలు మార్చకుండా ఉండాల్సింది."

"అయితే పాత కీ ప్రకారం అక్క జవాబులే కరెక్టు సార్. ఈ వారం తప్పు నాది. ఆవిణ్ణి వెనక్కి పిలవండి."

ఆయన లిస్టు వైపు చూశారు. నేను చెప్పిందాంట్లో తప్పు దొరకలేదనుకుంటా, మాట మార్చారు.

"సోమవారంనుంచి ఇంకో అమ్మాయి వస్తోందమ్మా. మాటిచ్చేశాను. ఈవిడ గురించి తర్వాత చూద్దాం. ఈ వారం మూట ఇంకా పంపలేదు, నువ్వు మార్చినవన్నీ పాత పద్ధతిలోకి తెచ్చి ఇచ్చేసి వెళ్ళు."

ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు. నేను ఆమె ఇంటికి వెళ్ళలేదు. మీర్‌పేట్ ఎంత దూరమని. వెళ్ళి ఏం చెప్పాలో తెలియలేదని ఇన్నాళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను, నిజానికి ఆమె మొహం చూడటానికి భయం.

ఆరోజు మాత్రం, ఆ పని చెయ్యను అని సార్‌తో అని లేచి వచ్చేయొచ్చు. మా ఇంట్లో నా జీతం మీద పొయ్యి వెలగడం లేదు. ఏ అడ్డూ లేదు. అయినా వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. చెప్పిన పని చేయడం తప్ప చిన్నప్పటినుంచీ నాకు ఇంకోటి రాదు. ఒక్కొక్క పోస్టూ తెరిచి, బాధ తీసి సంతోషం, కోపం తీసి సంతోషం పెట్టుకుంటూ వచ్చాను. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కాసేపటికి ట్రాక్టర్, బంతిపూలు వచ్చాయి. మొత్తం మళ్ళీ చదివాను. అందరం ఆడుకుంట తీస్కపోయినం. దాని కింద ఇంకేమీ లేదు, అక్క చాలా శుభ్రంగా కత్తిరించింది. బాధ మీద నొక్కి తీసేసి, సంతోషం పెట్టాను. ఆ పోస్టుకు అక్క పెట్టిన జవాబూ నా జవాబూ కలిశాయని పక్కన పచ్చ టిక్కు పడింది. తర్వాతి పోస్టు తెరిచాను.